మోటారు షెడ్డులో చిన్న కంప్యూటరు: మెమొరీ కార్డు చెడిపోకుండా చూసుకొనే విధానం
(ప్రసంగ పాఠం)



విత్తనాలను గురించి, ఎరువులను గురించి, పురుగుమందులను గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విన్నారు. ఈ రోజు నేను చెప్పదలచినది బొటనవేలి గోరంత వస్తువును గురించి. దాని పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11 మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరు. దానిని మైక్రో ఎస్‌డీ కార్డు అంటారు. పాటలు దాచుకోవడానికి సెల్‌ఫోనులో వేసే కార్డు అదే. ఇంత చిన్న వస్తువు చెడిపోతే తోటకు నీరు ఆగిపోతుందా అని మీరు అడగవచ్చు. ఆగిపోతుంది. నా కళ్ళతో చూశాను గనుకనే ఈ విషయం ఎత్తుకున్నాను.

బిందు సేద్యం ఉన్న తోటలలోను, పాలీహౌసులలోను కొందరు రైతులు, చదువుకున్న తమ పిల్లల సాయంతో, ఒక చిన్న కంప్యూటరు బోర్డును అమర్చుకుంటున్నారు. వీటిలో ఎక్కువగా కనబడేది రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు. పిల్లలకు కంప్యూటరు విద్య చౌకగా నేర్పాలనే ఉద్దేశంతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో దీనిని తయారుచేసి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి విడుదల చేశారు. అరచేతిలో ఇమిడే ఈ బోర్డుకు నేలలో తేమ తెలిపే పరికరాన్ని, గాలి వేడి, తేమ తెలిపే పరికరాన్ని తగిలించి, రిలే ద్వారా మోటారు స్టార్టరుకు కలిపితే, నేల ఆరినప్పుడు నీరు వదులుతుంది, చాలినప్పుడు కట్టేస్తుంది, చేసిన పనిని రాసి పెట్టుకుంటుంది. మామూలు కంప్యూటరులో ఉండే పెద్ద డిస్కు దీనికి లేదు. అది నడవడానికి కావలసిన ఆజ్ఞలు, మీ తోట లెక్కలు, రెండూ ఆ గోరంత కార్డు మీదనే ఉంటాయి. కార్డు పోతే బోర్డు లేవదు.

కొన్నేళ్ళ కిందట ఒక మిరప తోటలో ఇట్టి బోర్డును నేనే దగ్గరుండి పెట్టించాను. నేలలో అరడుగు లోతున ఒకటి, అడుగు లోతున ఒకటి తేమ పరికరాలు పాతాము. జూన్ నుంచి అక్టోబరు వరకు బ్రహ్మాండంగా నడిచింది. అక్టోబరులో ఒక సాయంకాలం ఉరుములు, మెరుపులు మొదలయ్యాయి. పిడుగు భయం ఉన్నప్పుడు షెడ్డులో మెయిన్ స్విచ్ తీసివేయమని మీ అందరికీ చెప్పేవాణ్ణి నేనే. ఆ ప్రకారమే మెయిన్ తీసి ఇంటికి వెళ్ళాను. మర్నాడు వచ్చి వేస్తే బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది గాని, దాని పక్కన మినుకు మినుకుమనవలసిన పచ్చ దీపం వెలగలేదు. నాలుగు నెలల లెక్కలు ఆ కార్డుతోనే పోయాయి. రెండో ప్రతి తీసి పెట్టలేదు. తప్పు పూర్తిగా నాదే.

తోట యజమాని పెద్దాయన. ఆయన కోపపడలేదు. "బాబూ, ఆ మొదటి పెద్ద వాన తరవాత ఎన్ని రోజులకు నీళ్ళిచ్చాం? పూత రాలింది అప్పుడే కదా" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పింది ఆయన భార్య. డ్రిప్పు వదిలిన రోజులన్నీ ఆమె గోడ మీది క్యాలెండరులో పెన్సిలుతో సున్నాలు చుట్టి పెట్టుకున్నారు. ఆ ఏడు మాకు మిగిలిన లెక్క అదొక్కటే.

కథ అంతటితో అయిపోలేదు. కొత్త కార్డు కొని వేశాము. ఐదు వారాలకు అదీ పోయింది. ఖరీదైన కంపెనీది మరొకటి వేశాము. సంక్రాంతి లోపల అదీ పోయింది. మూడు కార్డులను తిట్టిన తరువాత గాని, కార్డుకు మేత పెట్టే కరెంటును చూడాలన్న ఆలోచన మాకు రాలేదు. మీరు కూడా నాలాగా మూడు కార్డుల ఖర్చు పెట్టకుండా ఉండాలని, కార్డు లోపల జరిగేది ముందుగా చెబుతాను.

కార్డు లోపల అక్షరాలు దాచే గదులు కోట్లకొలది ఉంటాయి. అవి విడివిడిగా కాక మడులుగా ఉంటాయి. ఒక్కో మడిలో లక్షల అక్షరాలు పడతాయి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. రాసి ఉన్న చోట ఒక్క అక్షరాన్ని మాత్రమే చెరిపి మళ్ళీ రాయడం కుదరదు. చెరిపితే మడి మొత్తం చెరపాలి. నారుమడిలో ఒక్క మొక్కను మార్చడానికి మడిలోని నారంతా పీకి, మరో మడిలో నాటి, పాత మడిని దున్నవలసి వస్తే ఎట్లా ఉంటుందో ఊహించండి. కార్డులోని చిన్న మేధ ఈ పనిని ఎడతెగకుండా చేస్తూనే ఉంటుంది. మీరు "నేల తేమ 32" అని ఒక్క పంక్తి రాయించినా, లోపల కదిలేది చాలా ఎక్కువ. నారు పీకిన తరువాత, నాటక మునుపు కరెంటు పోయిందనుకోండి, నారు పాత మడిలోనూ లేదు, కొత్త మడిలోనూ లేదు. ఆ సమయంలో మీరు ముట్టుకోని పాత లెక్కలు, బోర్డు లేవడానికి కావలసిన ఆజ్ఞలు కూడా ఆ మడిలోనే ఉండి ఉంటే, అవీ పోతాయి. రాస్తున్న పంక్తి పోవడం ఒక లెక్క కాదు. పక్కనున్నవి పోవడమే నష్టం.

ఇంకొక సంగతి. ఏ మడిలో ఏమున్నదో తెలిపే అడంగల్ లాంటి పట్టీ ఒకటి కార్డు తనలో తానే ఉంచుకుంటుంది. కరెంటు తెగిన క్షణంలో ఆ పట్టీ దెబ్బతింటే, భూమి భూమిలాగే ఉండి ఎవరిదో తెలియనట్లుగా, కార్డులో అంతా ఉన్నా ఏదీ దొరకదు. బోర్డులో నడిచే లినక్స్ అనే పద్ధతికి తన దస్తావేజులను సరిచూసుకొనే ఏర్పాటు ఉన్నది. కాని కార్డు లోపలి ఈ పట్టీ దాని చేతికి అందదు.

తెర మీద "రాశాను" అని కనబడినంత మాత్రాన కార్డు మీదికి చేరినట్లు కాదు. బోర్డు కొత్త పంక్తులను కొంతసేపు తన తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచుకొని, తరువాత కార్డుకు పంపుతుంది. ఈ ఆలస్యం అరనిమిషం వరకు ఉండవచ్చు. అందుచేత తీగ లాగడానికి "ఇప్పుడు ఏమీ రాయడం లేదులే" అనే సమయం అంటూ ఏదీ లేదు. బోర్డును ఆపాలంటే ముందు ఆపమని ఆజ్ఞ ఇవ్వాలి. తెర ఉంటే మెనూలో షట్‌డౌన్ నొక్కాలి, తెర లేకపోతే "సుడో పవరాఫ్" అనే ఆజ్ఞను పంపాలి. పచ్చ దీపం మినుకు ఆగిన తరువాతనే స్విచ్ తీయవలెను. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డుకు ఇందుకోసం ఒక బటను కూడా పెట్టారు. పిడుగుల వేళ మెయిన్ తీయడం మానవద్దు. తీయడానికి ముందు ఒక్క నిమిషం బోర్డుకు ఇవ్వండి, అంతే.

అయితే వ్యవసాయపు కరెంటు మనల్ని అడిగి పోదు గదా! లైను మీద వేళ ప్రకారం వచ్చి పోయే సరఫరాకు నేరుగా తగిలించిన బోర్డుకు ప్రతి రోజూ ఈ గండం ఉంటుంది. దీనికి విరుగుడు బ్యాటరీ. గంటల తరబడి నడిపే పెద్ద బ్యాటరీ అక్కరలేదు. కరెంటు పోయిందని బోర్డుకు సంకేతం పంపి, అది నెమ్మదిగా ఆగేవరకు ఐదు నిమిషాలు నిలిపే చిన్న యూపీఎస్ బోర్డులు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: బోర్డు ఆగిన తరువాత కరెంటు తిరిగి వస్తే దానంతట అది లేస్తుందా? కొన్ని రకాలలో బ్యాటరీ ఇంకా నిండుగా ఉన్నందువల్ల బోర్డుకు సరఫరా తెగదు, తెగనందువల్ల అది తిరిగి లేవదు. మీరు వెళ్ళి లేపవలసి వస్తుంది.

చేలో ఇప్పటికే సౌర పలకతో నడిచే 12 వోల్టుల బ్యాటరీ ఉన్నవారు, కంచెకోసమైనా, దీపంకోసమైనా సరే, దాని నుంచే బోర్డుకు సరఫరా ఇవ్వడం అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. 12 వోల్టులను 5 వోల్టులకు దించే మంచి పరికరం మధ్యలో ఉండవలెను. బ్యాటరీ మరీ దిగిపోయినప్పుడు సరఫరా కోసివేసే ఏర్పాటు ఉంటుంది గనుక, అది కోయడానికి ముందే బోర్డు ఆగేటట్లు అమర్చుకోవాలి. లేకపోతే లైను కరెంటు చేసిన పనే బ్యాటరీ చేస్తుంది.

ఇక మా మూడు కార్డుల కథలో అసలు దొంగ ఎవరో చెబుతాను. మేము బోర్డుకు పెట్టినది పాత ఫోను ఛార్జరు. దానికి మూడు గజాల సన్నని తీగ. బోర్డు నమూనాను బట్టి ఎంత కరెంటు కావాలో తయారీదారులే చెప్పారు: పై 3కు 5.1 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు, పై 4కు 3 ఆంపియర్లు, పై 5కు 5 ఆంపియర్లు. వోల్టేజి 4.63 కన్న తగ్గితే బోర్డు హెచ్చరిక ఇస్తుంది. తెర ఉంటే మూలన పసుపు మెరుపు గుర్తు కనబడుతుంది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. తీగ రాను పోను నిరోధం పావు ఓము ఉన్నదనుకుందాం. బోర్డు 2 ఆంపియర్లు లాగితే ఆ తీగలోనే అర వోల్టు పోతుంది. ఛార్జరు దగ్గర 5.1 ఉన్నా బోర్డు దగ్గర 4.6 మాత్రమే. మీటరు పెట్టి ఛార్జరు దగ్గర చూసి "బాగానే ఉంది" అనుకున్నాము. చూడవలసినది బోర్డు దగ్గర, బోర్డు పని చేస్తున్నప్పుడు.

దానికి తోడు, మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ రెండు మూడు క్షణాలు లైనులో వోల్టేజి కుంగుతుంది. షెడ్డులో బల్బు మసకబారడం మీరు చూసే ఉంటారు. మా బోర్డు చేసే పని చూడండి: మోటారు వేయమని రిలేకు చెప్పి, వెంటనే "మోటారు వేశాను" అని కార్డు మీద రాస్తుంది. అంటే వోల్టేజి కుంగే క్షణమూ, కార్డు మీద రాసే క్షణమూ ఒకటే! రోజుకు నాలుగు సార్లు మేమే కార్డు గొంతు నొక్కుతున్నామన్న మాట. బోర్డుకు సరిపడిన అసలు అడాప్టరును, పొట్టి, లావు తీగను పెట్టి, రిలేలకు వేరే అడాప్టరు ఇచ్చి, మోటారు వేసిన నిమిషం తరువాత రాసేటట్లు మార్చాము. నాలుగో కార్డు రెండు పంటలు నడిచింది.

తెర లేనివారు వోల్టేజి సంగతి తెలుసుకోవడానికి "వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్" అనే ఆజ్ఞ ఉన్నది. 0ఎక్స్0 అని జవాబు వస్తే బోర్డు లేచిన దగ్గర నుంచి వోల్టేజి తగ్గలేదని అర్థం. 50000 అని వస్తే మధ్యలో ఎప్పుడో తగ్గిందని, 50005 అని వస్తే ఇప్పుడు కూడా తక్కువగానే ఉన్నదని అర్థం. మోటారు నాలుగు సార్లు వేసి ఆపి, తరువాత ఈ ఆజ్ఞ ఇవ్వండి. పొద్దున్నే నింపాదిగా ఉన్నప్పుడు ఇస్తే అంతా బాగున్నట్లే కనబడుతుంది.

కరెంటు తరువాత చూడవలసినది రాత. కార్డులో ఒక్కో మడిని కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు మాత్రమే చెరిపి రాయగలము. ఆ తరువాత అది అరిగిపోతుంది. అరుగుదల ఒకేచోట పడకుండా కార్డు తానే మడులను మార్చుకుంటూ వాడుతుంది. అయినా మన దుబారాకు అంతుండాలి గదా. పిల్లలు సరదా కొద్దీ సెకనుకు ఒకసారి తేమ రాయిస్తారు. అంటే రోజుకు 86,400 సార్లు. నేల తేమ సెకనుకు ఏమి మారుతుంది? పది నిమిషాలకు ఒకసారి చూస్తే రోజుకు 144. వాటిని బోర్డు జ్ఞాపకంలోనే కూడబెట్టి గంటకు ఒకసారి కార్డు మీద వేస్తే 24. హఠాత్తుగా కరెంటు పోతే చివరి గంట లెక్క పోతుంది, నిజమే. గంట లెక్క పోవడం మంచిదా, ఏడాది లెక్క పోవడం మంచిదా అన్నది మీరే ఆలోచించండి. బోర్డు తన సొంత దినచర్య కూడా రాసుకుంటూ ఉంటుంది. దానిని కూడా తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచేటట్లు మార్చవచ్చు.

ఇంతకన్నా గట్టి ఉపాయం ఇంకొకటి ఉన్నది. రాస్ప్‌బెర్రీ పై వారి సొంత పద్ధతిలో, అమరికల పట్టికలో, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే ఏర్పాటు ఉన్నది. దానిని ఆన్ చేస్తే బోర్డు కార్డును చదువుతుందే గాని రాయదు. రాసేదంతా తాత్కాలిక జ్ఞాపకంలోకి పోతుంది, కరెంటు తీయగానే చెరిగిపోతుంది. రాత లేదు గనుక, కరెంటు ఎప్పుడు పోయినా కార్డుకు ప్రమాదం చాలా వరకు తప్పుతుంది. తోట లెక్కలను మాత్రం వేరే పెన్‌డ్రైవ్ మీదికి మళ్ళించాలి. కాపురముండే ఇల్లు వేరు, గింజలు పోసే గాదె వేరు అన్నట్లుగా. గాదెకు ఎలుక పట్టినా ఇల్లు నిలుస్తుంది, తోటకు నీరు అందుతుంది. ఈ ఏర్పాటులో జాగ్రత్త ఒకటి చెప్పాలి. దానిని ఆన్‌లో ఉంచి నీటి వేళలు మార్చితే, ఆ మార్పు కరెంటు పోగానే మాయమవుతుంది. ఆఫ్ చేసి, మార్చి, మళ్ళీ ఆన్ చేయాలి. ఇది తెలియక ఒక పూట నేనూ తల గోక్కున్నాను.

కార్డు ఎంపికను గురించి ఎక్కువ చెప్పను. 32 జీబీ చాలు. కార్లలోను, వీధులలోను ఎడతెగకుండా చిత్రాలు తీసే కెమెరాల కోసం "హై ఎండ్యూరెన్స్" అని ముద్రించిన కార్డులు అమ్ముతున్నారు. నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే కొనండి. సంతలో సగం ధరకు వచ్చే కార్డులలో నకిలీ విత్తనాల వంటివి ఉన్నాయి. పైన 64 అని ఉంటుంది, లోపల 8 ఉంటుంది. నిండినదాకా బాగానే నడిచి, తరువాత పాతదాని మీదనే కొత్తది రాస్తుంది. విత్తనానికి మొలక పరీక్ష చేసినట్లే, కొన్న కార్డును నిండా రాసి తిరిగి చదివి చూసే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత పరీక్షలు ఉన్నాయి. వాటికి గంటల కొద్దీ పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. షెడ్డు వేడికి కార్డు పోతుందని చాలామంది అంటారు. మంచి కార్డు మన ఎండకు తట్టుకుంటుంది. యూరియా బస్తాలు, మందు డబ్బాలు ఉన్న గదిలో మాత్రం బోర్డును పెట్టకూడదు. అక్కడి చెమ్మకు లోహపు కాళ్ళు తుప్పు పడతాయి.

ఇన్ని చేసినా ఒకనాడు బోర్డు లేవలేదనుకోండి. కంగారుపడి కార్డు పారవేయవద్దు. మొదట మరో మంచి అడాప్టరు, మరో తీగ పెట్టి చూడండి. నాకు తెలిసి ఎన్నో బోర్డులు ఇంతటితోనే లేచాయి. అప్పటికీ లేవకపోతే కార్డును తీసి విండోస్ ఉన్న కంప్యూటరులో పెడతారు. పెట్టగానే "ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. చేయమని అనకండి! లినక్స్ దస్తావేజులను విండోస్ గుర్తుపట్టలేదు గనుక నిక్షేపంలాంటి కార్డుకు కూడా అట్లాగే అడుగుతుంది. ఈ ఒక్క నొక్కుతో లెక్కలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. లినక్స్ తెలిసిన కుర్రవాడి దగ్గరకు తీసుకువెళ్ళి, ముందు కార్డు మొత్తానికి యథాతథంగా ఒక నకలు తీయించండి. మరమ్మతు ప్రయోగాలు ఆ నకలు మీద చేయాలి గాని అసలు మీద కాదు. ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆజ్ఞ తెగిన దస్తావేజులను చాలావరకు అతుకుతుంది.

కొన్నిసార్లు వింత జరుగుతుంది. కార్డు మీద ఏదో చెరుపుతారు, చెరిగినట్లే ఉంటుంది. తీసి మళ్ళీ పెడితే పాతదంతా ఉన్నచోటనే ఉంటుంది. ఇది దయ్యం పని కాదు. కార్డు ఆయుష్షు తీరి, రాత మానివేసి, చదువు మాత్రమే మిగుల్చుకున్నది. అందులోని లెక్కలు దించుకొని దానిని పక్కన పెట్టండి. కొత్త కార్డు మూడు నెలల లోపల పోతే మాత్రం తప్పు కార్డుది కాదు, కరెంటుదే అనుకొని వెతకండి.

రెండో కార్డు సంగతి. బోర్డు బాగా నడుస్తున్న రోజుననే, యూఎస్‌బీ రీడరులో మరో కార్డు పెట్టి, బోర్డులోనే ఉండే ఎస్‌డీ కార్డ్ కాపియర్ అనే పనిముట్టుతో జంట తీయవచ్చు. తీసి డబ్బాలో దాచితే సరిపోదు. ఒకసారి దానిని బోర్డులో వేసి, లేస్తుందో లేదో చూసి, తేదీ రాసి, మోటారు షెడ్డులో కాక ఇంట్లో ఉంచండి. విత్తు వేసే ముందు ఒకసారి, కోత అయిన తరువాత ఒకసారి కొత్త జంట తీస్తే చాలు. లెక్కలను మాత్రం వారం వారం ఫోనులోకో, ఇంటి కంప్యూటరులోకో దించుకోవాలి.

బోర్డు చచ్చినా తోట చావకూడదు. రిలే అమరిక ఎట్లా ఉండాలంటే, బోర్డు ఆగిపోతే మోటారు ఆగాలి, ఆడుతూ ఉండిపోకూడదు. బావి ఎండినప్పుడు మోటారును ఆపే రక్షణ స్టార్టరులోనే ఉండాలి, బోర్డు మీద వదలకూడదు. చేతితో వేసే స్విచ్ పక్కనే పెట్టి, అది ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండవలెను. పొద్దున గంట, సాయంత్రం గంట నీరు వదలడమే మీ అవసరమైతే దీనికి ఈ బోర్డు అక్కరలేదని కూడా చెబుతున్నాను. అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కార్డు లేని మామూలు టైమరు ఆ పని చేస్తుంది.

మీ బోర్డు లేవక మా వద్దకు తెచ్చేటప్పుడు చాలామంది కార్డు ఒక్కటే కాగితంలో చుట్టి తెస్తున్నారు. అట్లా కాకుండా బోర్డు, అడాప్టరు, తీగ, మూడింటినీ కలిపి తీసుకురండి. మోటారు వేసినప్పుడు మీ షెడ్డులో బల్బు ఎంత మసకబారుతుందో చూసుకొని వచ్చి చెప్పండి.